ఇన్సులేషన్ వేశాక పగిలిన పైపు: ఒక కార్యాలయాన్ని చలికాలానికి సిద్ధం చేసిన కేసు

నేను అడుగు పెట్టేసరికే ఆ భవనానికి చలికాలపు పనులు ఒకసారి జరిగిపోయి ఉన్నాయి. అటకలో ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా అడ్డుకునే పొర) మందాన్ని 100 మిల్లీమీటర్ల నుంచి 300కు పెంచారు. కిటికీల చుట్టూ సీలెంటు పూశారు. బాయిలర్‌కు సర్వీసింగ్ చేయించారు. ఆ వెంటనే వచ్చిన చలికాలంలో అటకలోని నీటి పైపు పగిలి, పై అంతస్తు సీలింగ్ సగం కూలింది. అంతకు ముందు పదకొండేళ్లు ఎవరూ ఏమీ చేయించకపోయినా నిక్షేపంగా ఉన్న పైపు, డబ్బు పోసి పని చేయించిన ఏడాదే ఎందుకు పగిలింది? యజమాని నన్ను అడిగింది ఇదొక్కటే. పాత కాంట్రాక్టరు మీద కోపం, నా మీద అనుమానం రెండూ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి.

ఇన్సులేషన్ వేశారు కాబట్టే పగిలింది. ఈ జవాబు నాకు మొదటి గంటలోనే తట్టింది. కానీ తట్టడం వేరు, రుజువు చేయడం వేరు. ఈ కేసును వివరంగా రాయడానికి మరో కారణం కూడా ఉంది: ఆ కాంట్రాక్టరు చేసిన తప్పు లాంటిదే నేనూ ఒకటి చేశాను.

భవనం సంగతి

ఒకప్పుడు ఇల్లు, తర్వాత ఆఫీసుగా మారింది. రెండు అంతస్తులు, మొత్తం 320 చదరపు మీటర్లు, పైన వాలు కప్పు, దాని కింద మనిషి వంగి నడవగలిగే అటక. ముప్పై మంది దాకా పనిచేస్తారు. శుక్రవారం సాయంత్రం తాళం వేస్తే మళ్లీ సోమవారం ఉదయమే తీస్తారు. గదులను వెచ్చబరచడానికి గ్యాస్‌తో నడిచే కండెన్సింగ్ బాయిలర్, రేడియేటర్లు ఉన్నాయి. వేడినీళ్లకు విడిగా ఒక పాత గ్యాస్ గీజర్ ఉంది. మంటకు కావలసిన గాలిని అది గదిలోంచే తీసుకుంటుంది, పొగను గొట్టం ద్వారా కప్పు మీదికి పంపుతుంది. ఈ గీజర్‌ను గుర్తుంచుకోండి, తర్వాత దానితో పని ఉంది.

ఇంటిని ఆఫీసుగా మార్చినప్పుడు పై అంతస్తులో ఒక మూల సింకు పెట్టారు. దానికి నీళ్లు తీసుకురావడానికి దగ్గరి దారి అటక. 15 మిల్లీమీటర్ల రాగి పైపును వాసాలకు వేలాడదీసి, అటక ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, సింకు గోడలోకి దించారు. దాని మీద సన్నటి ఫోమ్ తొడుగు వేశారు. ఇన్సులేషన్ అటక నేల మీద ఉంది, పైపు దానికి రెండడుగుల ఎత్తులో గాల్లో ఉంది. కొత్త ఇన్సులేషన్ పరిచినవాళ్లు కూడా పైపు కిందనుంచే పరుచుకుంటూ వెళ్లారు. వాళ్లకు అప్పగించిన పని ఇన్సులేషన్, పైపు కాదు.

పగిలిన రోజు

శుక్రవారం సాయంత్రం ఆరింటికి అందరూ వెళ్లారు. గదుల వెచ్చదనాన్ని పెట్టిన చోట నిలిపే థర్మోస్టాట్ తనంతట తానే 8 డిగ్రీలకు దిగింది. అంతకు ముందు సెలవు రోజుల్లో 15 దగ్గర ఉంచేవారు. ఇన్సులేషన్ వేశాం కదా, ఇంకొంచెం ఆదా చేద్దామని ఎవరో తగ్గించారు. శనివారం రాత్రి బయట మైనస్ 9 డిగ్రీల సెల్సియస్. ఆదివారం సాయంత్రానికి చలి కాస్త విరిగింది. సోమవారం ఉదయం ఏడున్నరకు శుభ్రం చేసే మనిషి తలుపు తీసేసరికి మెట్ల మీదుగా నీళ్లు పారుతున్నాయి.

గొట్టంలో మంచుగడ్డ ఉన్నంతసేపూ పగులుకు అదే బిరడాలా అడ్డు ఉంటుంది. పెద్దగా నీళ్లు బయటికి రావు. చలి విరిగి గడ్డ కరిగాకే ధార మొదలవుతుంది. అందుకే ఇలాంటి పైపులు గడ్డకట్టిన రాత్రి కాకుండా, హమ్మయ్య అనుకున్న మర్నాడు ఇంటిని ముంచుతాయి.

నీళ్లు ఆపడానికి నలభై నిమిషాలు పట్టింది. ప్రధాన వాల్వు ఎక్కడుందో వచ్చినవాళ్లకు తెలియదు. చివరికి ఫైళ్ల బీరువా వెనక దొరికింది. చక్రం తిప్పితే గిరగిరా తిరిగింది గానీ వాల్వు లోపలి అడ్డుపలక కదలలేదు, కాడ ఎప్పుడో తెగిపోయింది. వీధిలోని వాల్వు మూత తెరిచి ఆపారు. తర్వాత నష్టాన్ని లెక్క కడితే, సీలింగ్, తడిసిన ఇన్సులేషన్, నాలుగు కంప్యూటర్లు, నేల చెక్కలు అన్నిటిలోనూ ఎక్కువ భాగం ఈ నలభై నిమిషాల ఖాతాలోదే.

పైపు ముక్క

భవనాన్ని చూసుకునే పెద్దాయన ఆ ముక్కను పారేయకుండా ఉంచాడు. "ఎవరో ఒకరు అడుగుతారని దాచాను సార్" అంటూ గుడ్డలో చుట్టిన రాగి ముక్క నా చేతిలో పెట్టాడు. జానెడు పొడవు. ఒక చివర ఎల్బో, అంటే పైపు మలుపు తిరిగే ముక్క. ఎల్బోకు రెండంగుళాల దూరంలో రాగి ఉబ్బి, పత్తికాయ విచ్చుకున్నట్టు నిలువునా చీలింది. చీలిక అంచులు బయటికి తిరిగి ఉన్నాయి. వేలితో తడిమితే అంచు దగ్గర రాగి కాగితంలా పలచబడి తగిలింది. తుప్పు లేదు, పాత అతుకు లేదు. లోపలి ఒత్తిడికి లోహం సాగి సాగి తెగింది.

"ఇది అటకలో ఎక్కడిది?" అని అడిగాను.

"సింకు మీద సార్, గోడలోకి దిగే చోట. అక్కడే పగిలిందని మరమ్మతుకు వచ్చినవాళ్లు అక్కడ ఫోమ్ మూడు వరసలు చుట్టి వెళ్లారు."

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పైపు పగిలిన చోటు, నీళ్లు గడ్డకట్టిన చోటు ఒకటి కావు. నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. పైపు మధ్యలో గడ్డ పెరుగుతూ ఉంటే ఒక వైపు వీధి పైపు ఉంది, నీరు అటు వెనక్కి జరగగలదు. రెండో వైపు మూసి ఉన్న కుళాయి. గడ్డకూ కుళాయికీ మధ్య చిక్కిన నీటికి పోయే దారి లేదు, నీరు నొక్కితే కుదించుకుపోదు. గడ్డ ఒక్కో మిల్లీమీటరూ ముందుకు జరిగేకొద్దీ ఒత్తిడి మామూలు సరఫరా ఒత్తిడికి పదుల రెట్లు పెరుగుతుంది. ఆ భాగంలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. కాబట్టి చలి ఎక్కువగా తగిలిన చోటు అటక ఉత్తరపు చివర, చూరు కింద. పగిలింది గది వెచ్చదనం కాస్త తగిలే దక్షిణపు చివర. ఫోమ్ మూడు వరసలు చుట్టింది చలి లేని చోట.

చలి రాత్రుల్లో కుళాయిని సన్నగా కారనిమ్మనే పాత సలహాకు బలం కూడా ఇక్కడినుంచే వస్తుంది. కదిలే నీరు గడ్డకట్టదని చాలామంది చెబుతారు. కొంత నిజమే. కానీ అసలు మేలు, కుళాయి తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరకడం.

అటక ఎంత చల్లగా ఉందో లెక్క

నేను వెళ్లింది చలి మొదలవడానికి పది వారాల ముందు. మైనస్ 9 నాటి పరిస్థితిని ఆ రోజుల్లో చూడలేను. అందుకని నాలుగు ఉష్ణోగ్రత లాగర్లు (ఉష్ణోగ్రతను తమంతట తామే నమోదు చేసే చిన్న పరికరాలు) పెట్టాను: ఒకటి బయట, ఒకటి లోపల గదిలో, రెండు అటకలో పైపు వెంట. ఒక చల్లటి తెల్లవారుజామున బయట 2, గదిలో 20, అటకలో ఉత్తరపు చివర 4.5 డిగ్రీలు నమోదయ్యాయి. లోపలికీ బయటికీ తేడా 18 డిగ్రీలు. అటకకు అందులో దక్కింది రెండున్నర, అంటే ఏడో వంతు. ఇదే వంతును పైపు పగిలిన వారాంతానికి వర్తింపజేస్తే: లోపల 8, బయట మైనస్ 9, తేడా 17, అందులో ఏడో వంతు సుమారు 2.4. అటక మైనస్ 6.6 దగ్గర ఉండి ఉంటుంది.

పాత మందంతో, అంటే 100 మిల్లీమీటర్లతో లెక్క కడితే అటకకు మూడో వంతు దక్కేది. అప్పటి థర్మోస్టాట్ 15. తేడా 24, మూడో వంతు 8. అదే రాత్రి అటక మైనస్ 1. ఫోమ్ తొడుగున్న పైపు మైనస్ 1 దగ్గర ఒకటి రెండు రాత్రులు నెట్టుకొస్తుంది. మైనస్ 6.6 దగ్గర, అరవై గంటలు ఎవరూ కుళాయి తిప్పకపోతే నెట్టుకురాలేదు. తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోయే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. లోపల కొత్త నీరు కదలకపోతే అది కొనిచ్చేది కొన్ని గంటలే.

ఈ లెక్క కాగితం మీద చూపించినప్పుడు యజమాని కాసేపు మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం వెంటనే అందుకున్నాడు. "అందుకేనా సార్! అన్ని ఇళ్లకంటే మన కప్పు మీదే మంచు ముందు కరిగేది. పోయినేడు అందరితో పాటే కరిగింది. ఇన్సులేషన్ పనిచేయడం లేదనుకున్నాను." పనిచేసింది కాబట్టే ఆలస్యంగా కరిగింది. పదకొండేళ్లుగా ఆ పైపును కాపాడింది గదుల్లోంచి అటకలోకి వృథాగా పోతున్న వేడి. ఆ వృథాను ఆపారు, దాని మీద బతుకుతున్న పైపును అక్కడే వదిలేశారు. నా లాగర్లు వారం రోజులు పనిచేసి చెప్పిన మాటను ఆయన కప్పు వంక చూసి ఎప్పుడో గమనించాడు, అర్థం మాత్రం తిరగేసి చెప్పుకున్నాడు.

ముందు నీళ్లు

పైపుకు మూడు దారులున్నాయి. ఒకటి, దాని వెంట వేడి చేసే విద్యుత్ తీగ చుట్టడం. ఖర్చు తక్కువ కాబట్టి యజమాని మొగ్గు అటే. నేను ఒప్పుకోలేదు. కరెంటు పోయే అవకాశం ఎక్కువగా ఉన్నదీ, ఆ తీగ అవసరం ఎక్కువగా ఉన్నదీ ఒకే రాత్రి. మంచు తుపాను రాత్రి. వేరే దారి లేని చోట ఆ తీగ మంచిదే, నేనూ వాడతాను. రెండోది, పైపును ఇన్సులేషన్ కిందికి తేవడం. సీలింగ్‌కు ఆనుకుని ఉన్న పైపు మీద ఇన్సులేషన్‌ను గుడారంలా కప్పితే గది వెచ్చదనం దానికి అందుతుంది. అన్నిటికంటే చవకైన మార్గం. కానీ ఈ పైపు రెండడుగుల ఎత్తులో వేలాడుతోంది.

మూడోదే చేశాం. కింది అంతస్తు మరుగుదొడ్డి దగ్గర నుంచి లోపలి అడ్డుగోడ గుండా కొత్త పైపు పైకి తెచ్చాం. పదకొండు మీటర్లు, ఒకటిన్నర రోజు పని. ఈ దారిలో ఎక్కడా బయటి గోడను తాకదు. పాత పైపులో నీళ్లు పూర్తిగా దించి, రెండు చివర్లూ కోసి, మూతలు బిగించాం. వాడటం లేదు కదా అని నీళ్లతోనే వదిలేసిన పైపులు నేను చాలా చూశాను. గడ్డకట్టడానికి అవి వాడేవాటికంటే ముందుంటాయి.

బీరువా వెనక వాల్వును తీసేసి, పావు చుట్టుతో మూసుకునే బాల్ వాల్వు పెట్టాం. బీరువాను జరిపాం. వాల్వుకు ఎర్ర బిళ్ల కట్టి, ప్రతి అంతస్తు నుంచి ఇద్దరిని తీసుకొచ్చి వాళ్ల చేత్తోనే మూయించి తెరిపించాను. మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ ఖర్చయిన పని ఇదే. ఒకవేళ అన్నీ వదిలేసి ఒక్కటే చేయమంటే నేను చేసేదీ ఇదే.

థర్మోస్టాట్ సెలవుల్లో 13 డిగ్రీలకు తగ్గకూడదని కట్టుబాటు పెట్టుకున్నాం. ఉత్తరపు గోడకు ఆనుకున్న చేతులు కడిగే సింకు ఒకటి ఉంది, దాని కింది అల్మరా తలుపులు శుక్రవారం సాయంత్రం తెరిచి వెళ్లాలి. తలుపులు మూసి ఉంటే ఆ పెట్టెలోకి గది వెచ్చదనం చేరదు.

తర్వాత గాలి

నీళ్ల సంగతి తేలకుండా గాలి సందులు మూయకూడదు. మూస్తే అటక ఇంకా చల్లబడుతుంది. ఇది చాలాచోట్ల తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే సందులు మూయడం తేలిక, పైపు మార్చడం కష్టం.

వీధి తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలిని బయటికి లాగాం. లోపలికీ బయటికీ 50 పాస్కళ్ల ఒత్తిడి తేడా వచ్చేదాకా పెంచితే, సందులన్నీ తమంతట తామే బయటపడతాయి. ఆ ఒత్తిడి దగ్గర భవనంలోని గాలి గంటకు 11 సార్లు మారిపోతోంది. మామూలు రోజుల్లో అందులో ఇరవయ్యో వంతు ఉంటుందని ముతక లెక్క. అంటే ప్రతి రెండు గంటలకు భవనం నిండా వెచ్చబెట్టిన గాలి పోయి, అంతే చలిగాలి వస్తోంది.

యజమాని మనసంతా కిటికీల మీద ఉంది. నిరుడు సీలెంటు పూసింది వాటికే. అగరొత్తి పొగతో చూస్తే కిటికీల దగ్గర పొగ కొద్దిగా వణికింది, అంతే. అసలు దారులు పైన ఉన్నాయి: అటకలోకి వెళ్లే తలుపు చుట్టూ, సీలింగ్ లైట్ల రంధ్రాల్లో, సర్వర్ అల్మరా మీద కేబుళ్ల కట్ట దూర్చిన చోట. అన్నిటికంటే పెద్దది గీజర్ పొగగొట్టం చుట్టూ. సీలింగ్‌లో గొట్టం కోసం కోసిన చతురస్రంలో నా చేయి మోచేతి దాకా దూరింది.

రిసెప్షన్‌లో కూర్చునే ఆమె బల్ల కింద చిన్న విద్యుత్ హీటర్ పెట్టుకుంది. మూడు చలికాలాలుగా కాళ్లు జివ్వుమంటున్నాయట. వీధి తలుపు అడుగున రబ్బరు రెండుసార్లు మార్చారు, లాభం లేకపోయింది. ఆమెకు ఒక ప్రయోగం చూపించాను. ఫ్యాను ఆపేసి, తలుపు అడుగున అగరొత్తి పెట్టాను. పొగ లోపలికి వాలుగా దూసుకొచ్చి ఆమె కుర్చీ వైపు పరుగెత్తింది. పైన మా కుర్రవాడు అటకలో పొగగొట్టం చుట్టూ ఉన్న కంతకు ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టి "పెట్టాను సార్" అని అరిచాడు. నాలుగు ఊపిర్లు గడిచాయో లేదో పొగ నిటారుగా లేచింది. తీసేయమన్నాను, మళ్లీ వాలింది. "అయితే నా కాళ్ల చలి కప్పు మీదుందా?" అంది.

సరిగ్గా అంతే. వెచ్చటి గాలి తేలిక, పైకి లేచి దొరికిన కంతలోంచి పోతుంది. పోయినంత గాలి ఎక్కడో ఒకచోట లోపలికి రావాలి, అడుగునుంచే వస్తుంది. కింద ఎంత మూసినా పైన లాగుతున్నంతసేపూ ఇంకో సందు వెతుక్కుంటుంది. కాబట్టి పైనుంచి మొదలుపెట్టాలి. పొగగొట్టం చుట్టూ మాత్రం మామూలు నురుగు సీలెంటు వాడకూడదు, అది కాలుతుంది. రేకు కోసి గొట్టం చుట్టూ అమర్చి, వేడికి తట్టుకునే సీలెంటుతో అంచులు మూశాం. ఆ రేకు దగ్గరికి ఇన్సులేషన్ రాకుండా చుట్టూ రేకు కట్ట పెట్టాం. మిగతా కంతలకు ఒక రోజు, అటక తలుపుకు రబ్బరు, కొక్కేలు ఒక పూట. మళ్లీ ఫ్యాను పెట్టి చూస్తే 11 కాస్తా 6కు దిగింది.

నా తప్పు

ఆ సాయంత్రం సామాన్లు సర్దుకోబోతూ, అలవాటు ప్రకారం గీజర్‌ను పరీక్షించాను. కిటికీలు మూసి, మరుగుదొడ్లలోనూ వంటగదిలోనూ గాలిని బయటికి తోసే ఫ్యాన్లన్నీ వేసి, గీజర్ వెలిగించాలి. మంట మీద పొగ గొట్టంలోకి చేరే గొడుగు అంచున అగరొత్తి పెడితే పొగ గొట్టంలోకి లాగబడాలి. మొదట్లో కాసేపు అటూ ఇటూ ఆడుతుంది, గొట్టం వేడెక్కాక సర్దుకుంటుంది. ఐదు నిమిషాలు చూశాను. సర్దుకోలేదు. పొగ నా ముఖం మీదికి వస్తూనే ఉంది. జేబులోని కార్బన్ మోనాక్సైడ్ మీటరు కూయడం మొదలుపెట్టింది.

గ్యాస్ కట్టేసి, తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపాను.

జరిగింది ఇది. ఫ్యాన్లు గాలిని బయటికి తోస్తాయి. ఇంతకాలం ఆ లోటును పైకప్పు కంతలు, అడుగు సందులు తీర్చేవి. నేను వాటిని మూసేశాను. ఫ్యాన్లకు కావలసిన గాలి ఇప్పుడు దొరికే పెద్ద దారి గీజర్ పొగగొట్టమే. దాంతో పొగ పైకి పోవలసింది పోయి గొట్టం తలకిందులుగా పనిచేసింది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పితో, మగతతో మొదలై మనిషికి తెలియకుండానే ముంచుతుంది. ఆ పరీక్ష చేయకుండా వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పరీక్ష చేశాను కదా అని సమర్థించుకోవచ్చు. కానీ గదిలోంచి గాలి తీసుకునే గీజర్ ఉందని నాకు మొదటి రోజే తెలుసు. సందులు మూయకముందే పరీక్షించి, దీన్ని మార్చాల్సి రావచ్చని అంచనాలో రాసి ఉండవలసింది. రాయలేదు. యజమాని "ముందే చెప్పి ఉంటే రెండూ కలిపి చేయించేవాణ్ణి" అన్నారు. ఆయన మాట సబబే. పైపును పట్టించుకోకుండా ఇన్సులేషన్ పరిచినవాళ్లను నేను ఏమని తప్పుపట్టానో, అదే పని గాలి విషయంలో నేను చేశాను.

మంటకు కావలసిన గాలిని బయటినుంచే తీసుకుని, పొగనూ నేరుగా బయటికే పంపే మూసిన రకం గీజర్ పెట్టాం. అది వచ్చేదాకా తొమ్మిది రోజులు భవనంలో వేడినీళ్లు లేవు. పాత పొగగొట్టాన్ని పూర్తిగా తీసేసి సీలింగ్ మూసేశాం, నేను రోజంతా కష్టపడి అమర్చిన రేకు కూడా దాంతోపాటే పోయింది. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టాం. ఇప్పుడు నా పని క్రమంలో ఈ పరీక్ష సందులు మూయడానికి ముందొకసారి, తర్వాతొకసారి ఉంటుంది.

బిగుతైన భవనంలో తేమ కూడా నిలుస్తుంది. 21 డిగ్రీల గదిలో సాపేక్ష తేమ 50 శాతం ఉంటే, 10 డిగ్రీలకు తక్కువగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా చెమ్మ పడుతుంది. బయట మైనస్ 10 ఉన్నప్పుడు మామూలు రెండు పొరల గాజు లోపలి ముఖం మధ్యలో ఇంచుమించు ఆ 10 దగ్గరే ఉంటుంది, అంచుల్లో ఇంకా తక్కువ. అందుకని చలి బాగా ముదిరిన రోజుల్లో తేమను 35 శాతం చుట్టుపక్కల ఉంచమన్నాను. పై అంతస్తులో ఒకరు బల్ల మీద పెట్టుకున్న ఆవిరి యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్లారు. వంటగది ఫ్యానుకు టైమర్ పెట్టాం.

బయటి పనులు

ఇవి పెద్దాయన పనులు, ఆయనకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. చూరు కాలువల్లో ఆకులు తీశాడు. తోట కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టాన్ని విప్పించాను. గొట్టం తగిలించి ఉంటే చలికి తట్టుకునేలా చేసిన కుళాయిలో కూడా నీరు దిగక గోడలోపలి భాగం పగులుతుంది. అది వేసవిలో మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు గానీ బయటపడదు. మెట్ల మీద చల్లే ఉప్పు గురించి ఒక్క మాట చెప్పాను: మామూలు ఉప్పు మైనస్ 9 కిందికి దిగితే దాదాపు పనిచేయదు, అలాంటి రాత్రులకు కాల్షియం క్లోరైడ్ ఒక డబ్బా ఉంచుకోవాలి. ఏదైనా మంచు పడకముందు కొద్దిగా చల్లితే, గడ్డకట్టాక గుప్పెళ్లతో పోసినదానికంటే నయం.

మొదటి పెద్ద చలి

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి ఫోను. బయట మైనస్ 11. బాయిలర్ ఆగిపోయింది, మళ్లీ వెలిగిస్తే గుడగుడమని శబ్దం చేసి ఆగిపోతోంది. ఆ శబ్దం వినగానే తెలిసింది, దాంతోపాటు నేనేం మరిచిపోయానో కూడా తెలిసింది.

కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటుంది. ఆ నీరు గంటకు లీటరో రెండు లీటర్లో వస్తుంది, బయటికి పోవాలి. ఇక్కడ దాన్ని వేలెడు లావు ప్లాస్టిక్ గొట్టంతో ఉత్తరపు గోడ వెంట నాలుగు మీటర్లు బయట నడిపి, కాలువలో కలిపారు. రెండు కొక్కేల మధ్య గొట్టం కొద్దిగా సాగి వంగింది, ఆ వంపులో నీరు నిలిచి గడ్డకట్టింది. వెనక నీరు బాయిలర్ దాకా పేరుకునేసరికి అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. నిరుడు ఇంతకు దగ్గరి చలిలో ఎందుకు ఆగలేదంటే, నిరుడు భవనానికి ఎక్కువ వేడి కావలసి వచ్చేది, గోరువెచ్చని నీరు ధారగా పోయేది. మేం సందులు మూశాక బాయిలర్ సన్నటి మంటతో నడుస్తోంది, నీరు బొట్టు బొట్టుగా జారుతోంది. బొట్టు బొట్టుగా వచ్చే నీరు దారిలోనే చల్లారుతుంది.

పెద్దాయనకు ఫోనులోనే చెప్పాను: గొట్టం ఎక్కడ తెల్లగా, గట్టిగా ఉందో చేత్తో చూడండి, వేడినీళ్లు పోయండి, మరుగుతున్న నీళ్లు కాదు, గొట్టం చిట్లుతుంది. కింది చివర నుంచి పైకి రండి, కరిగిన నీటికి పోయే దారి ఉండాలి. పావుగంటలో బాయిలర్ వెలిగింది. ఆ వారమే గొట్టాన్ని లోపలికి తిప్పి సింకు మురుగు పైపులో కలిపాం. బయటే నడపక తప్పని చోట్ల లోపలి వ్యాసం కనీసం 32 మిల్లీమీటర్లు ఉండేలా, వాలు సరిగ్గా ఉండేలా, మీద ఇన్సులేషన్‌తో వేస్తాం.

ఆ తర్వాత మూడు రోజుల సెలవు వచ్చింది. లాగర్లు అలాగే ఉంచాను. రెండో రాత్రి బయట మైనస్ 10 ఉంటే అటక మైనస్ 7, కొత్త పైపు నడిచే అడ్డుగోడ లోపల 12.5. పగిలిన రాత్రికంటే అటక చల్లగా ఉంది, అక్కడ ఇప్పుడు గడ్డకట్టడానికి ఏమీ లేదు. రిసెప్షన్ బల్ల కింద హీటర్ కూడా లేదు.

సెలవు అయ్యాక వెళ్లినప్పుడు పెద్దాయన నన్ను లోపలికి రానివ్వకుండా రోడ్డు అవతలికి తీసుకెళ్లి కప్పు చూపించాడు. పక్క ఇళ్ల మీద ఎర్రటి పెంకులు బయటపడ్డాయి. మా కప్పు మీద మంచు చెక్కుచెదరలేదు, ఒక్క చోట తప్ప. శిఖరానికి కాస్త కింద, పళ్లెమంత మేర నల్లగా కరిగి ఉంది.

"అక్కడేదో ఉంది సార్" అన్నాడు.

నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే, అటక తలుపు మీది రబ్బరు ఒక మూల ఊడి కిందికి వేలాడుతోంది.